కార్తీకపు దారిలో కెమెరా: బెజవాడ, గుంటూరు చుట్టూ చెట్లనూ పిట్టలనూ ఫొటో తీయడం

కెమెరా కొన్న ఏడాది కార్తీకంలో ఎర్రటి ఆకుల కోసం కొండపల్లి అడవికి వెళ్లాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తిరిగినా ఒక్క ఎర్రాకు కనిపించలేదు. అడవి అంతా వానలు తాగి పచ్చగా, గుబురుగా ఉంది. చలిదేశాల కాలెండర్లు చూసి పెంచుకున్న ఆశ అది. మన అడవులు ఆకు రాల్చేది పుష్యం దాటాక. మోదుగ పూసేది మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాల్లో ఆకుల రంగు కోసం బయలుదేరితే నాలాగే ఖాళీ కార్డుతో తిరిగి వస్తారు.

అలాగని ఈ రెండు నెలలను వదులుకోనక్కర్లేదు. కృష్ణ ఒడ్డున రెల్లు తెల్లగా పూస్తుంది. డెల్టా పొలాలు ఆకుపచ్చ నుంచి బంగారు రంగుకు తిరుగుతుంటాయి. వానలు గాలిని కడిగేసి ఉంటాయి కనుక కొండలు దగ్గరగా, స్పష్టంగా కనిపిస్తాయి. గూడకొంగలు (పెలికాన్లు) చెట్ల మీద కాపురం పెట్టే కాలం కూడా ఇదే. ఈ కాలపు ఫొటో యాత్రకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పిట్టల వెంట పడకుండా ముందు చెట్టును ఎంచుకోవడం. మంచి వెలుగులో మంచి చెట్టు దగ్గర ఓపికగా ఉంటే పిట్ట తానే వస్తుంది. రాకపోయినా చెట్టు ఫొటో చేతికి దక్కుతుంది. కింద రాసినవన్నీ ఆ నియమం చుట్టూ అల్లుకున్నవే.

మొదటి అడుగు: రోజును వెలుగు ప్రకారం విడగొట్టండి

నవంబరు మొదట్లో మన ప్రాంతంలో ఆరు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు వస్తాడు, సాయంత్రం ఐదున్నర దాటగానే వెళ్లిపోతాడు. నెలాఖరుకు ఉదయం మరో పావుగంట ఆలస్యమవుతుంది. ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర: ఫొటోలకు పనికివచ్చే సమయం ఇంతే. మిగిలిన సమయంలో ప్రయాణం చేయండి, భోంచేయండి, నిద్రపోండి. తొమ్మిది దాటాక నేల వేడెక్కి దూరపు దృశ్యం నీళ్లలో చూసినట్టు అలలు అలలుగా కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్సు అయినా దాన్ని సరిచేయలేదు. మబ్బు పట్టిన రోజు మాత్రం ఈ లెక్క చెల్లదు. పల్చటి మబ్బు ఉంటే అడవిలోపలి చెట్లను రోజంతా తీయవచ్చు. మబ్బును నిజంగా కోరుకునే సందర్భం అదొక్కటే.

ఈశాన్య రుతుపవనాల కాలం కనుక అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలూ తుపానులూ మామూలే. బయలుదేరే ముందు రెండు రోజుల వాతావరణ సూచన చూసుకోండి. తుపాను ఉన్నప్పుడు సముద్రం వైపు వెళ్లకండి. అది దాటిపోయిన మర్నాటి ఉదయం మాత్రం వదులుకోకండి, ఏడాదిలో అంత శుభ్రమైన గాలి మళ్లీ దొరకదు.

రెండో అడుగు: సంచి సర్దుకోవడం

పెద్ద లెన్సు లేదని ఆగిపోవద్దు. చెట్లకు 18-55 మిల్లీమీటర్ల లాంటి మామూలు లెన్సు చాలు. పిట్టలకు 300 మిల్లీమీటర్లు కనీస అవసరం, 400 ఉంటే హాయి. ఫోను మాత్రమే ఉన్నవారు పిట్టల మీద ఆశ తగ్గించుకుని చెట్ల మీదా ఆకాశం మీదా మనసు పెట్టాలి. ఫోనులో వేళ్లతో సాగదీసి చేసే జూమ్‌తో వచ్చేది పిట్ట ఫొటో కాదు, పిట్ట ఆకారంలో ఉన్న మరక. సూర్యుడికి ఎదురుగా నిలబడి చెట్టునూ దానిపై వాలిన కొంగల గుంపునూ నల్లటి నీడబొమ్మగా తీస్తే ఫోను ఫొటో కూడా గోడకు తగిలించుకునేలా వస్తుంది.

కారులో ముక్కాలిపీట (ట్రైపాడ్) పెద్దగా పనికిరాదు. దాని బదులు గట్టి గుడ్డ సంచిలో రెండు కిలోల జొన్నలు పోసి మూతి కుట్టేయండి. కిటికీ అద్దం సగం దించి, దాని అంచు మీద సంచిని వేసి, దాని మీద లెన్సు ఆనించండి. బియ్యం కన్నా జొన్నలు మేలు, గుండ్రటి గింజ కావడంతో లెన్సు ఎటు తిప్పితే అటు సర్దుకుంటుంది. ఇంజన్ ఆపకుండా మాత్రం ఫొటో తీయకండి. ఆ వణుకు సంచిలో నుంచి లెన్సులోకి ఎక్కుతుంది.

ఇక ఏసీ సంగతి. మొదటిసారి కొల్లేటి పక్షుల కోసం ఆటపాక వెళ్లినప్పుడు కైకలూరు దాకా కారులో చల్లగా కూర్చుని, దిగగానే కెమెరా బయటకు తీశాను. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. చల్లటి అద్దం మీద ఆవిరి పట్టేసింది. తుడిచినకొద్దీ మళ్లీ పట్టింది. మంచి వెలుగంతా అయిపోయాక అద్దం తేటపడింది. అప్పటి నుంచి ఫొటోలు తీసే చోటుకు అరగంట ముందే ఏసీ ఆపి కిటికీలు దించుతాను. అప్పటిదాకా కెమెరా సంచిలోనే ఉంటుంది. ఇంట్లో వాళ్లు ఉక్కపోత అని విసుక్కుంటారు, పట్టించుకోకండి.

అదనపు బ్యాటరీ, అదనపు కార్డు, వానకు ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి, మెత్తటి గుడ్డ, టోపీ, మంచినీళ్లు. ఇంకేమీ అక్కర్లేదు.

మూడో అడుగు: ఏ కిటికీ దగ్గర కూర్చోవాలి?

ఇది ఎవరూ చెప్పరు. నాకు అర్థమవడానికి రెండేళ్లు పట్టింది. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, బండి ఆపేది ఎడమ అంచున. అంటే ఫొటో తీసేవారు ఎడమవైపు వెనక సీటులో ఉండాలి. ఇప్పుడు సూర్యుడిని ఈ లెక్కలోకి తీసుకురండి. ఉదయం ఉత్తరానికి వెళుతుంటే సూర్యుడు కుడివైపు, మీ వీపు వెనక ఉంటాడు. ఎడమ కిటికీలో కనిపించే ప్రతి చెట్టు మీదా పిట్ట మీదా వెలుగు నేరుగా పడుతుంది. సాయంత్రం దక్షిణానికి వెళుతుంటే సూర్యుడు పడమర, అంటే మళ్లీ కుడివైపే. ఎడమ కిటికీకి మళ్లీ అదే వెలుగు.

కాబట్టి ఉదయం ఉత్తరానికి, సాయంత్రం దక్షిణానికి వెళ్లేలా యాత్రను అల్లుకోండి. గుంటూరు వాళ్లకు ఇది చేతిలో పెట్టినట్టు దొరుకుతుంది. శనివారం మూడు గంటలకు బయలుదేరి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లండి. సూర్యలంక తీరం దగ్గర చీకటి పడుతుంది. రాత్రి బాపట్లలో ఉండి, ఆదివారం తెల్లవారుజామున అదే దారిలో వెనక్కి తిరగండి. దూరం ఒక వైపు సుమారు 50 కిలోమీటర్లే కనుక ఆగుతూ, చూస్తూ రావచ్చు.

పదహారో నంబరు జాతీయ రహదారిని తొందరగా ఊరు చేరడానికే వాడుకోండి. దాని మీద పిట్ట కోసం బండి ఆపడం ప్రాణాలతో ఆట. ఫొటోలు ఉన్నది కాలువ గట్ల మీద, ఊళ్ల మధ్య పొలాల దారుల్లో. పశ్చిమ డెల్టాలో కొమ్మమూరు కాలువ, ఇవతల బందరు కాలువ, ఏలూరు కాలువ, వీటి పిల్లకాలువల గట్లు వెతుక్కుంటే ఒక జీవితకాలానికి సరిపడా దారులున్నాయి. గట్టు మీద ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే వెనక్కి వెళ్లాల్సింది మీరే. అది వాళ్ల పని రోజు, మనది సెలవు రోజు.

మరో మాట. కారు దిగకండి. పిట్టలకు కారు అంటే పెద్దగా భయం లేదు, రెండు కాళ్ల మనిషి అంటేనే భయం. ఒకసారి గట్టు మీద గేదెలు కాసుకుంటున్న పెద్దాయన, నేను లకుముకి పిట్ట వెనక వంగి వంగి నడవడం చాలాసేపు చూసి, "బాబూ, మీరు బండిలో కూర్చోండి, అది ఆ కొమ్మ మీదకే మళ్లీ వస్తుంది" అన్నాడు. కూర్చున్నాను. అయిదు నిమిషాల్లో వచ్చింది, నోట్లో చేపతో సహా.

నాలుగో అడుగు: రెల్లుతో చేయి తిప్పుకోండి

యాత్ర మొదటి ఫొటో కదలని దానితో మొదలుపెట్టడం మంచిది. విజయవాడ వాళ్లయితే ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి వైపు కృష్ణ ఒడ్డుకు సూర్యోదయానికి పది నిమిషాల ముందే చేరండి. రెల్లు పూత అక్టోబరులో నిండుగా ఉంటుంది. నవంబరు నడిచేకొద్దీ గాలికి దూదిలా ఎగిరిపోతుంది.

రెల్లును వీపు వెనక వెలుగుతో తీస్తే పాలిపోయిన గడ్డిలా కనిపిస్తుంది. సూర్యుడికి ఎదురుగా తీయండి. ప్రతి కంకి చుట్టూ వెండి అంచు వస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని, కంకులు ఆకాశంలోకి లేచేలా పెట్టుకుని, ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలో పడే వెలుగును) ఒక మెట్టు తగ్గించండి. వైట్ బ్యాలెన్సును (కెమెరా రంగులు సర్దే పద్ధతిని) ఆటోలో ఉంచితే కెమెరా ఆ ఉదయపు పసిమిని తప్పుగా భావించి తుడిచేస్తుంది, ఎండ గుర్తు మీద పెట్టండి. గాలి వీస్తున్నప్పుడు ఒక ఫొటో 1/1000 సెకనులో, మరొకటి 1/15లో తీసి పోల్చుకోండి. మొదటిదానిలో గడ్డి ఆగిపోతుంది, రెండోదానిలో పారుతుంది. నాకు రెండోదే ఇష్టం.

అయిదో అడుగు: ఉప్పలపాడు

గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలో ఉన్న ఈ చిన్న ఊరి చెరువు నేర్చుకునేవారికి బడి లాంటిది. నీళ్ల మధ్య తుమ్మచెట్ల గుబుర్ల మీద గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కిక్కిరిసి ఉంటాయి. గట్టు మీద నుంచే అంతా కనిపిస్తుంది. చుట్టూ ఇళ్లు, మనుషులు ఉన్నా పక్షులు చెక్కుచెదరవు. ఊరివాళ్లు వాటిని ఎన్నాళ్లుగానో సొంతంగా చూసుకున్నందుకు దక్కిన నమ్మకం అది.

అక్కడ ఎవరో ఒకరు ఈ కొంగలు సైబీరియా నుంచి వస్తాయని చెబుతారు. గూడకొంగ, ఎర్రకాళ్ల కొంగ రెండూ మన దక్షిణాసియా పక్షులే. నీళ్లూ చేపలూ ఉన్న చోటును వెతుక్కుంటూ తిరుగుతాయి తప్ప మంచుదేశం చూసి ఎరుగవు. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే బాతులు వేరు. ఫొటో కింద పేరు రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు చెట్టు నిండా ఉన్న వంద పక్షులనూ ఒకే ఫొటోలో ఇరికించడం. చూసేవారికి అందులో చూడటానికి ఏమీ దొరకదు. ఒక్క కొమ్మను ఎంచుకోండి. దాని మీద ఏం జరుగుతోందో పది నిమిషాలు కెమెరా లేకుండా చూడండి. పుల్ల తెచ్చే పక్షి ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ దిగుతోంది, పక్క గూటి పక్షి దేన్ని దొంగిలిస్తోంది అన్నది తెలిసిపోతుంది. పెద్ద పక్షులు గాలికి ఎదురుగా దిగుతాయి, గాలికి ఎదురుగానే లేస్తాయి. ఈ కాలంలో ఈశాన్య గాలి ఎక్కువ కనుక ముఖం అటువైపే ఉంటుంది. గాలి మీ వీపు మీద తగిలే చోట నిలబడితే రెక్కలు విప్పి మీ వైపే వచ్చే పక్షి దొరుకుతుంది.

అంకెలు కూడా చెబుతాను. ఎగిరే గూడకొంగకు 1/1000 సెకను షట్టర్ వేగం సరిపోతుంది, దాని రెక్క బరువుగా కదులుతుంది. లకుముకి పిట్టకు 1/2500 దాకా కావాలి. అపర్చర్ (లెన్సు కన్ను ఎంత తెరుచుకోవాలన్నది) ఎఫ్/6.3 లేదా ఎఫ్/8. ఐఎస్‌ఓను (కెమెరా వెలుగును అందుకునే చురుకును) ఆటోకు వదిలి 3200 దగ్గర హద్దు పెట్టండి. గరుకుగా వచ్చిన ఫొటోను తర్వాత సరిచేయవచ్చు, కదిలిపోయిన ఫొటోను ఏమీ చేయలేం. తెల్లటి పక్షి మీద ఎండ పడుతుంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు వరకు తగ్గించండి, లేదంటే ఈకల గీతలన్నీ సున్నం కొట్టినట్టు పోతాయి. మబ్బు ఆకాశం మీద నల్లగా కనిపించే పక్షికి ఒక మెట్టు పెంచండి. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే.

గూళ్లు ఉన్న కాలం కనుక నీటి అంచులోకి దిగడం, చప్పట్లు కొట్టి ఎగరేయడం చేయకండి. తల్లి లేచిన క్షణమే కాకి దిగుతుంది, గుడ్డు పోతుంది. ఆ ఎగిరే గుంపు ఫొటో ఎంత బాగున్నా దాని ఖరీదు అదే.

ఉప్పలపాడు అలవాటయ్యాక కొల్లేరు వెళ్లండి. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా కైకలూరు పక్కన ఆటపాక ఉంది. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకు ఎక్కింది. ఆటపాకలో కొంగలకు కట్టిన మంచెల మీద గూళ్లు కనిపిస్తాయి. పక్షులు చేతికి అందేంత దగ్గరే కానీ ఇనుప చట్రాలు ఫొటోలో అడ్డం వస్తాయి. నా దృష్టిలో అక్కడ పక్షి ఒంటరిగా నీటి మీద ఉన్నప్పుడే కెమెరా పైకెత్తాలి.

ఆరో అడుగు: చెట్టును చెట్టుగా తీయడం

పిట్టను తీయడం కన్నా ఇది కష్టం. పిట్ట ఎటూ కన్ను లాగుతుంది. చెట్టు అన్నిచోట్లా ఉన్నది కనుక దాన్ని ఎందుకు చూడాలో ఫొటో చెప్పాలి.

మొదట చెట్టు చుట్టూ పూర్తిగా ఒక ప్రదక్షిణ చేయండి. మర్రికి ఊడలున్న వైపు ఒక ముఖం, పొలం వైపు మరో ముఖం ఉంటుంది. కరెంటు తీగ, మేకు కొట్టిన కోచింగ్ సెంటరు బోర్డు, మానుకు వేసిన తెలుపు ఎరుపు పట్టీ దేని వెనక దాగుతాయో ఆ చోటు వెతకండి. ఎక్కడా దాగకపోతే వాటిని కలిపే తీయండి. మన రోడ్డు పక్క చింతచెట్టు బతుకు అదే, పట్టీ లేని చింతచెట్టు కోసం వెతికి రోజు పోగొట్టుకోవద్దు.

తర్వాత కొలత చూపించండి. అంత పెద్ద మాను కింద సైకిలు ఆపుకున్న మనిషో, మేకపిల్లో, వేరు మీద కూర్చున్న గోరింకో ఉంటేనే దాని పెద్దరికం తెలుస్తుంది. మనిషి ఉంటే అడిగి తీయండి. "అయ్యా, ఈ చెట్టుతో పాటు మిమ్మల్ని తీసుకోనా?" అంటే కాదన్నవారు నాకు ఇంతవరకు తగల్లేదు, పైగా చెట్టును ఎవరు నాటారో కూడా చెబుతారు.

మర్రి, రావి పండ్ల మీద ఉన్నాయంటే అక్కడే ఆగిపోండి. కోకిలలు, గోరింకలు, టంకు టంకుమని కొట్టే కంసాలి పిట్ట, ఆకుల్లో కలిసిపోయే పచ్చపావురాలు వరసగా వస్తాయి. పండ్లు ఎక్కువగా ఉన్న, వెలుగు పడే ఒక కొమ్మకు ముందే ఫోకస్ పెట్టి వేచి ఉండండి. చెట్టు ముందు, పిట్ట తర్వాత అన్నది ఇందుకే.

తాటిచెట్లు డెల్టాకు గుర్తు. ఒంటరి తాడి కన్నా గట్టు మీద వరస అందంగా ఉంటుంది. వరసకు ఎదురుగా కాకుండా ఏటవాలుగా నిలబడి తీస్తే దూరం తెలుస్తుంది. బావుల మీదకు వంగిన తుమ్మలకూ ఈతచెట్లకూ గిజిగాడి గూళ్లు ఇంకా వేలాడుతుంటాయి. వానకాలపు కాపురం చాలావరకు ముగిసి ఉంటుంది కనుక ఖాళీ గూటిని కాస్త దగ్గరగా తీయవచ్చు, అయినా కోయవద్దు.

కొండపల్లికి వెళితే తెల్ల పొణికి చెట్టును అడిగి చూడండి. ఏటికొప్పాకకు అంకుడు ఎలాగో కొండపల్లి బొమ్మకు పొణికి అలాగ, అంత తేలిక కర్ర. ఊళ్లో బొమ్మలు చెక్కే ఇంట్లో ఒక ఫొటో, అడవిలో ఆ చెట్టు ఫొటో పక్కపక్కన పెడితే యాత్రకు ఒక కథ వస్తుంది. రంగులద్దిన కొయ్య చిలుకనూ కొమ్మ మీద నిజం చిలుకనూ కూడా అలాగే జత చేయవచ్చు.

గుంటూరు వైపు వాళ్లకు కొండవీడు ఉంది. రెడ్డిరాజుల కోట దాకా ఘాట్ రోడ్డు పడింది. రాతిగోడను పట్టుకుని పెరిగిన రావి, మేడి వేళ్లు అక్కడి ప్రత్యేకత. ఈ వేళ్లను మధ్యాహ్నపు ఎండలో తీయకండి, నీడలు ముక్కలు ముక్కలుగా పడతాయి. సాయంత్రం పక్కవాటు వెలుగులో ప్రతి వేరూ నరంలా ఉబ్బి కనిపిస్తుంది. దారిలో సీతాఫలాల బుట్టలు కనిపిస్తే కొనుక్కోండి, చేతులు మాత్రం కడుక్కున్నాకే కెమెరా ముట్టుకోండి.

ఏడో అడుగు: తీగ మీద పాలపిట్ట

దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభం అంటారు. ఫొటో తీసేవారికి నెలంతా దసరాయే, పొలాల దారుల్లో కరెంటు తీగల మీద అది ఎదురవుతూనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది కానీ, ఈ విషయంలో నా ఓటు ఇంకా పాలపిట్టకే.

కూర్చున్నప్పుడు గోధుమరంగు బొద్దు పక్షి. రెక్క విప్పితేనే ఆ రెండు నీలాలు బయటపడతాయి. అందుకే అది ఎగిరే క్షణాన్ని పట్టాలి. నేల మీద పురుగును చూసి దూకుతుంది, చాలాసార్లు అదే తీగకు తిరిగి వస్తుంది. మెడ చాచి కిందికి తదేకంగా చూస్తుంటే సిద్ధంగా ఉండండి. రెట్ట వేసిందంటే ఎగరబోతోందని మరో గుర్తు. వేలు బటన్ మీదే ఉంచి, వరసగా తీసే పద్ధతిలో 1/2000 దగ్గర నొక్కండి. ఫ్రేములో పిట్ట ముందు వైపు ఖాళీ ఎక్కువ వదలండి, లేకపోతే రెక్క తెగిపోతుంది. తీగ నల్లగీత నచ్చకపోతే పక్కనే కంచె గుంజనో ఎండుకొమ్మనో వెతికి, దాని దగ్గర ఆగి చూడండి. ఏట్రింత కూడా ఇలాగే కూర్చున్న చోటికే తిరిగి వస్తుంది. అది పూర్తి నలుపు కనుక ఎక్స్‌పోజర్ కొంచెం పెంచాలి.

పాలపిట్టను పంజరంలో పెట్టి దసరాకు ఇంటింటికీ చూపించేవారు ఎక్కడైనా తగిలితే డబ్బిచ్చి ఫొటో తీసుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం.

నెమళ్ల గురించి ఒక హెచ్చరిక. ఈ కాలంలో మగనెమలి పింఛం రాల్చేసుకుని ఉంటుంది. పురి విప్పిన నెమలి ఫొటో కావాలంటే తొలకరి దాకా ఆగాల్సిందే.

ఎనిమిదో అడుగు: తాటితలలో చందమామ

కార్తీక పౌర్ణమి నాడు అందరూ దీపాలు తీస్తారు. మీరు ముందు రోజు, చతుర్దశి సాయంత్రం బయటకు వెళ్లండి. ఆ రోజు చంద్రుడు సూర్యాస్తమయానికి ముందే లేస్తాడు. ఇంకా పగటి వెలుగు మిగిలి ఉండగా చెట్టూ చంద్రుడూ రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇముడుతాయి. పౌర్ణమి నాడు చంద్రుడు పైకి వచ్చేసరికి చెట్టు చీకట్లో కలిసిపోతుంది.

చంద్రుడు పెద్దగా కనిపించాలంటే చెట్టుకు దూరం జరగాలి. లెక్క సులువు: 500 మీటర్ల దూరంలో చంద్రబింబం నాలుగున్నర మీటర్ల వెడల్పున్న వస్తువుకు సమానంగా కనిపిస్తుంది. అంటే దాదాపు ఒక తాటితల అంత. తూర్పువైపు తాళ్ల వరస ఉండి, పడమర వైపు అర కిలోమీటరు ఖాళీ పొలం ఉన్న చోటును పగలే చూసిపెట్టుకోండి. పొడవు లెన్సు, ముక్కాలిపీట తప్పనిసరి. చంద్రుడు తాటితల వెనకకు రావడానికి మీరే గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తాల్సి వస్తుంది, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి.

తొమ్మిదో అడుగు: నల్లమల, కెమెరా అలవాటయ్యాక

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం దారి. దోర్నాల దాటాక ప్రవేశించేది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. ఆ ఘాట్‌లో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు ఆపేస్తారు. ఉదయం గేటు తీసే సమయానికి దోర్నాలలో ఉండేలా ముందు రాత్రే చేరుకోండి. కార్తీక సోమవారాలు, పౌర్ణమి మాత్రం వద్దు. భక్తుల వాహనాల వరసలో జింక కాదు కదా, కోతి కూడా సరిగా కనిపించదు.

అడవి దారిలో బండి ఆపడం, దిగడం, పక్కదారి పట్టడం నిషేధం. కెమెరా పనికి తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ జీపు సఫారీ ఎక్కండి. పులి కనిపిస్తుందన్న ఆశతో ఎక్కకండి. ఈ కాలంలో గడ్డి నిలువెత్తు పెరిగి, ఎక్కడ చూసినా నీళ్లు ఉండటంతో జంతువులు ఒకచోటికి రావు. జంతువులే ముఖ్యమనుకుంటే ఎండాకాలం మేలు. చుక్కల దుప్పి, కణుజు, అడవిపంది, కొండముచ్చు దొరికితే అదృష్టం.

చెట్లు మాత్రం చేతినిండా దొరుకుతాయి. మొసలి వీపులా పగుళ్లు తీసిన నల్లమద్ది బెరడు, రాళ్ల మధ్య తెల్లగా మెరిసే తపసి మాను, పెద్ద ఆకుల టేకు. చెంచులు తపసి చెట్టు నుంచే బంక తీస్తారు. జీపులో చెంచు వ్యక్తి తోడుంటే కెమెరా దించి ఆయన చెప్పేది వినండి, ఏ చెట్టు దగ్గర ఏది తిరుగుతుందో అంతకన్నా బాగా చెప్పేవారు లేరు. అడవిలోపల వెలుగు తక్కువ కనుక షట్టర్ 1/250కి దిగుతుంది. కదిలే జింకను వదిలేసి, చెవులు నిక్కబొడిచి ఆగిన జింకను తీయండి. జంతువుతో ఫ్రేము నింపాలన్న తపన కూడా వద్దు. చెట్ల నిలువు గీతల మధ్య చిన్నగా నిలబడిన దుప్పి, అడవి ఎంత పెద్దదో చూపిస్తుంది.

డ్రోను తీసుకెళ్లకండి. అనుమతి లేకుండా అభయారణ్యంలో ఎగరేస్తే కేసు అవుతుంది. ఫోనులో పిట్ట కూతలు వినిపించి రప్పించడం, ఘాట్‌లో కోతులకు అరటిపండ్లు విసరడం రెండూ ఒకే రకం పనులు, ఫొటో కోసం జంతువును పాడుచేయడం.

ఇల్లు చేరాక

ఆ రాత్రే ఫొటోలను రెండు చోట్ల దాచండి. ఫైలు పేరులో ఊరు, తేదీ, చెట్టు పేరు రాయండి. పిట్ట పేరు తెలియకపోతే ఖాళీ వదలండి, తప్పు పేరు కన్నా అది నయం. గూడు ఉన్న చోటు మాత్రం నలుగురికీ చూపేటప్పుడు చెప్పకండి. మూడు వందల ఫొటోల్లో పన్నెండు మిగిల్చుకుంటే బాగా ఏరినట్టు.

లెన్సును మూసిన బీరువాలో పెట్టవద్దు. మన కోస్తా తేమకు అద్దం లోపల బూజు పడుతుంది. గాలి దూరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. బియ్యం డబ్బాలో పెట్టమనేవారి మాట వినకండి, తవుడు దుమ్ము లెన్సులోకి చేరుతుంది. జొన్నల సంచి కుట్టు విప్పి గింజలు మార్చడం మరిచిపోవద్దు. పోయిన ఏడాది నేను మరిచిపోయాను. ఈ దసరాకు సంచి తీసి కిటికీ మీద పెట్టగానే అందులో నుంచి పురుగులు బారులు తీరి బయటకు వచ్చాయి. తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఆ రోజు మా కారును చాలా శ్రద్ధగా చూసింది.